ఊట తేటగా ఉన్నప్పుడే చెప్పే మనుషులు

ప్రశ్న: బాబాయ్‌గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 11 ఏళ్లుగా రొయ్యల ప్లాంటులో పనిచేస్తున్నాను. మా అమ్మ కూడా రొయ్యల తలలు వలిచే నన్ను డిగ్రీ చదివించింది. ఐదు నెలల క్రితం నన్ను ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని చేశారు. నా కింద 42 మంది ఆడవాళ్లున్నారు. మేనేజర్‌గారు ‘నవ్వితే నెత్తికెక్కుతారు, స్ట్రిక్ట్‌గా ఉండు’ అంటారు. ట్రైనింగ్‌లో ఏమో ‘మీరు మీలాగే ఉండండి, మనసు విప్పి మాట్లాడండి’ అన్నారు. రెండూ చేసి చూశాను. ముందు మా పాత సూపర్‌వైజర్‌గారిలా అరిచాను. ఆ గొంతు అలవాటైపోయి ఇంట్లో మా పాప కూడా భయపడింది. తర్వాత ఒకరోజు అందరి ముందూ నా టార్గెట్ల టెన్షన్ చెప్పుకుని ఏడ్చేశాను. అప్పట్నుంచి కొందరు జాలిగా చూస్తున్నారు, కొందరు పని తగ్గించారు. పదేళ్లు నాతో ఒకే డబ్బాలో తిన్న అక్క ఇప్పుడు మేడమ్ అంటోంది. పోయిన నెల మూడు క్రేట్ల సరుకు ఐస్ లేక గంటకు పైగా ఉండిపోయి పాడైంది, పక్కకు తీసేశాం. టేబుల్ దగ్గర అందరికీ తెలుసు, ఒక్కరూ నాకు చెప్పలేదు. అంతకు రెండు రోజుల ముందు ఒక అమ్మాయి ఐస్ సరిపోవట్లేదంటే ‘నీ పని నువ్వు చూసుకో’ అన్నమాట నిజమే. ఐస్ టైముకే వేసినట్టు రిజిస్టర్‌లో రాయమన్నారు మేనేజర్‌గారు, రాశాను. నేను ఎవరిలా ఉండాలి? పాత నాలాగా ఉండాలా, వాళ్లు చెప్పినట్టు ఉండాలా?

సమాధానం:

అమ్మాయ్,

బాబాయ్ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్పాతిక భాగం నీ గొంతు గురించి, నవ్వు గురించి, ఆ రోజు వచ్చిన ఏడుపు గురించి రాశావు. ఐస్ సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేశావు. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ నాలుగు ముక్కల్లోనే కనిపించింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాలువల మీద, ఏటిగట్ల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ప్లాంటు లోపలి పని గురించి నాకు తెలిసిందల్లా, మా వీధి చివర తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడవాళ్లు చెప్పగా విన్నదే. అయినా మనుషుల చేత పని చేయించడంలో నేను చేసిన తప్పు ఒకటి నీ ఐస్ క్రేట్ల సంగతికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ముందు అది చెప్తాను.

2006 ఆగస్టు. గోదావరికి పెద్ద వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ ఏడాది మూడోది కూడా దాటిపోయింది. నాకప్పగించిన గట్టు నాలుగున్నర కిలోమీటర్లు. నా కింద కాలువలకూ గట్లకూ కాపలా ఉండే లస్కర్లు ఆరుగురు, కొంతమంది రోజుకూలీలు. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని, ఊరివైపు గట్టు అడుగున నడుస్తూ, ఎక్కడైనా ఊట పుడుతోందేమో చూడటం లస్కర్ల పని.

ఒక రాత్రి రెండు గంటలకు వాళ్లలో పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు. ‘ఊటండి బాబూ’ అన్నాడు. వానలో రెండు కిలోమీటర్లు పరుగెత్తాం. తీరా చూస్తే పక్క చేలోంచి వాననీరు గట్టు వారకు జారుతోంది. అప్పటికి నాకు రెండు రాత్రులుగా నిద్రలేదు. కూలీల ముందే ఆయన్ని పట్టుకుని ‘ఇన్నేళ్ల సర్వీసు చేశావు, వాననీటికీ ఊటకీ తేడా తెలీదా’ అని కడిగేశాను. ఆయన తలగుడ్డ తీసి పిండుకుంటూ నిలబడ్డాడు. తిరిగి ఒక్క మాట అనలేదు.

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున ఐదున్నరకు మళ్లీ ఆయనే వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు, నడుస్తూ వచ్చాడు. ‘ఒకసారి చూడాలండి’ అన్నాడు. వెళ్లి చూస్తే గట్టు అడుగున బొటనవేలంత బెజ్జం, అందులోంచి ఎర్రటి బురదనీళ్లు పొంగుతున్నాయి. ఊట తేటగా వస్తే కాపలా పెడితే చాలు. నీళ్లు రంగు మారాయంటే లోపలి మట్టిని మోసుకొస్తున్నాయని, గట్టు కడుపులో సొరంగం పడుతోందని అర్థం. ఆ బెజ్జాన్ని మూసేయకూడదు, మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలతో బావిగట్టులా గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలవనివ్వాలి. అక్కడ నీళ్లు ఎత్తు పెరిగేకొద్దీ ఏటివైపు నుంచి తోసే బలం తగ్గి మట్టి కొట్టుకురావడం ఆగుతుంది. ఊళ్లో మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ బస్తాలు అందించారు. తొమ్మిదింటికి నీళ్లు తేటపడ్డాయి. గట్టు నిలిచింది.

మధ్యాహ్నం టీ తాగుతూ అడిగాను, ఎప్పుడు చూశావయ్యా అని. ‘రెండున్నరకే చూశానండి. అప్పుడు తేటగానే ఉందండి. మళ్లీ తప్పయితే తిడతారని తెల్లారేదాకా ఆగానండి’ అన్నాడు.

మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఆయన ఆ బెజ్జం పక్కనే టార్చిలైటు వేసుకుని కూర్చున్నాడట, రంగు మారేదాకా. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. గట్టు కింద రెండు ఊళ్లున్నాయి. నేను ఆయన్ని తిట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఖరీదు ఆ రెండు ఊళ్లు అయ్యుండేవి.

ఇప్పుడు నీ టేబుల్ దగ్గరికి రా. ఆ అమ్మాయి ‘ఐస్ సరిపోవట్లేదు మేడమ్’ అన్నప్పుడు ఊట తేటగా ఉంది. నువ్వు ‘నీ పని నువ్వు చూసుకో’ అన్నావు. ఆ మాట ఆమె ఒక్కదానికే చెప్పాననుకున్నావు, 42 మందీ విన్నారు. రెండు రోజుల తర్వాత క్రేట్లలో ఐస్ కరిగిపోతుంటే వాళ్లు నువ్వు చెప్పినట్టే చేశారు, ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. రొయ్య చచ్చిన దగ్గర్నుంచి దాని ఒంట్లో ఉన్న ఎంజైములే దాన్ని తినేస్తుంటాయని, తల దగ్గర మొదలయ్యే ఆ నల్లమచ్చను ఐస్ నెమ్మదింపజేస్తుందని నాకంటే నీకే బాగా తెలుసు. నీకంటే వాళ్లకు ఇంకా బాగా తెలుసు, రోజంతా చేతులు పెట్టేది వాళ్లే కాబట్టి. తెలిసి కూడా చెప్పలేదంటే వాళ్లకు ప్లాంటు మీద పగ అనుకోకు. ఆ రోజు నీకు చెప్పడం కంటే చెప్పకపోవడమే వాళ్లకు క్షేమంగా కనిపించింది.

ఇది మనిద్దరికే జరిగింది కాదు. అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేసింది. బాగా నడిచే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి నర్సు నాయకత్వం ఉన్నచోటే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే, అక్కడివాళ్లు పొరపాట్లు ఎక్కువ చేయడం లేదు, జరిగినవి దాచకుండా చెబుతున్నారు. మిగతా వార్డుల్లో భయంతో నోరు మెదపడం లేదు. కాబట్టి ‘నా ఫ్లోర్ మీద ఏ కంప్లయింటూ లేదు’ అని ఏ సూపర్‌వైజరైనా గర్వంగా చెబితే నాకు ముందు భయం వేస్తుంది.

సరే, నువ్వు అడిగిన ప్రశ్న. ఎవరిలా ఉండాలి?

గొంతు సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆ పాత సూపర్‌వైజర్‌గారి గొంతు వదిలెయ్. అది ఆమెకే అచ్చొచ్చిందో లేదో మనకు తెలియదు. కంప్రెసర్ల హోరులో నువ్వు గట్టిగా మాట్లాడక తప్పదు, అది కోపం కాదని అక్కడందరికీ తెలుసు. మూతికి మాస్కు, తలకు క్యాపు, కనిపించేవి కళ్లు రెండే. అలాంటి చోట నువ్వు నవ్వావా, ముఖం ముడుచుకున్నావా అన్నదాని కంటే నీ మాట పొడవుగా ఉందా, పొట్టిగా స్పష్టంగా ఉందా అన్నదే ఎక్కువ. ‘నాలుగో టేబుల్, ఈ క్రేటు ముందు’ అంటే చాలు. దానికి కేకలు కలపకు.

ఇక ట్రైనింగ్‌లో చెప్పిన ‘మీరు మీలాగే ఉండండి’. ఈ మాట విన్నవాళ్లు చాలామంది దాన్ని రెండు రకాలుగా పొరబడతారు. నువ్వు రెండు రకాలుగానూ పొరబడ్డావు.

మొదటిది, మనసులో ఉన్నదంతా కుమ్మరించడమే నిజాయితీ అనుకోవడం. ఆ రోజు నువ్వు ఏడ్చినందుకు సిగ్గుపడొద్దు, ఏడుపు వస్తుంది, మనుషులం. కానీ నీ టార్గెట్ల టెన్షన్ విన్న 42 మంది దానితో ఏం చేసుకోగలరు? ఇంటికి మోసుకెళ్లారు, అంతే. కిలోకి ఇంత అని కూలి తీసుకుని, మంచునీళ్లలో వేళ్లు పాచిపోయి, బస్సెక్కి వెళ్లేవాళ్ల నెత్తిన నీ బరువు కూడా పెట్టావు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు మా వీధి ఆడవాళ్లు నిద్రపోలేదు. వాళ్లకు అమెరికా గురించి ఉపన్యాసం అక్కర్లేకపోయింది. వచ్చే వారం బస్సు వస్తుందా రాదా, డ్వాక్రా వాయిదా కట్టుకోగలమా లేదా, ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్తే బాగుండని అనుకున్నారు. ఒక ప్లాంటులో ఒక సూపర్‌వైజరమ్మ మాత్రం ‘ఈ వారం నాలుగు రోజులే పని. పై వారం సంగతి నాకూ తెలీదు. శుక్రవారం మధ్యాహ్నం అడిగి చెప్తాను’ అందట. శుక్రవారం వచ్చి ‘ఇంకా తేలలేదు, సోమవారం చెప్తాను’ అందట. మా వీధిలో ఇప్పటికీ ఆమె మాట చెప్పుకుంటారు. ఆమె ఇచ్చింది శుభవార్తేమీ కాదు. వస్తానన్న రోజున వచ్చి, తెలియలేదన్న మాటైనా చెప్పింది. నీకు టెన్షన్‌గా ఉంటే మీ ఆయనకో, మీ అమ్మకో, నాకో చెప్పుకో. టేబుల్ దగ్గర మాత్రం, విన్నవాళ్లు దానితో ఏదైనా చేసుకోగలిగిన నిజం చెప్పు.

రెండోది, పాత నువ్వే అసలు నువ్వు అనుకోవడం. కొత్త పని మొదట్లో ఎవరికైనా ఎరవు తెచ్చుకున్న చీరలా ఉంటుంది. భుజం దగ్గర నిలవదు, నడిస్తే కాళ్లకు తట్టుకుంటుంది. లస్కరుగా చేరిన కుర్రాడు మొదటి ఏడాది పెద్ద రైతును ‘తూము దించండి’ అనడానికే మొహమాటపడతాడు. దించమని అనడం తన పని, అబద్ధం కాదు. నీ పాత స్నేహితురాలికి ‘ఈ రోజు లీవు కుదరదక్కా’ అని చెప్పేటప్పుడు నీ గొంతు నీకే పరాయిగా అనిపిస్తుంది. అనిపించనీ. ఇబ్బందిగా ఉన్న ప్రతి మాటా నటన అనుకుంటే, నువ్వు ఎప్పటికీ ఆ టిఫిన్ డబ్బా దగ్గరే ఆగిపోతావు.

ఆ అక్క విషయం నన్ను కూడా బాధపెట్టింది. అయినా ఆమె మేడమ్ అంటే అననివ్వు. ఆమె పని, ఆమె టేబుల్, ఆమె లీవు ఇప్పుడు నీ చేతిలో ఉన్నాయి. అది ఆమెకు గుర్తుంది, నువ్వే మర్చిపోవాలని చూస్తున్నావు. ‘పాతలాగే పిలువక్కా’ అని బతిమాలితే ఆమె ఇరుకున పడుతుంది. నువ్వు మాత్రం ఆమెను అక్కా అనే పిలువు, పేరు పెట్టి పిలవకు. ఆమెకు తేలిక టేబుల్ మాత్రం ఇవ్వకు. మిగతా 41 మంది కళ్లూ ముందు అక్కడే ఉంటాయి.

ఇంకో చోట కూడా ఉంటాయి, తూకం దగ్గర. దీని గురించి నువ్వు ఏమీ రాయలేదు కానీ, మా వీధి వాళ్ల కబుర్లలో సగం అదే. వలిచిన సరుకు జల్లెడ గంపలో నీళ్లు ఓడేదాకా ఎంతసేపు ఉంచారు, కాటా ముల్లు ఆగకముందే అంకె రాసుకున్నారా, గ్రాములు కిందికి కొట్టేశారా. ఒకామె నాకు చూపించింది, చీటీ మీద కిలోల అంకె పక్కన బొగ్గుతో సన్నగా తన లెక్క తాను గీసుకుంటుంది. తొమ్మిది నెలల చీటీలు కొబ్బరినూనె డబ్బాలో దాచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఊరికే దాచింది. అలాంటి డబ్బాలు నీ ఫ్లోర్ మీద పనిచేసేవాళ్ల ఇళ్లలోనూ ఉండొచ్చు. నీళ్లు ఓడే సమయం అందరికీ ఒకటే అని చెప్పి, గోడ గడియారం చూసి పాటించు. కాటా అంకె వాళ్లకు కనిపించేవైపు తిప్పిపెట్టు. మనసు విప్పి మాట్లాడటం కంటే ఇదే వాళ్లకు ముందు కావాలి.

నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు చాలని ఏడాది వంతులవారీగా వదులుతాం. శివారు రైతులు ఆఫీసు అరుగు మీద కూర్చుని ‘ఎప్పుడొస్తాయండి’ అని అడిగేవారు. వాళ్ల ముఖాలు చూడలేక ‘రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి’ అనేవాణ్ణి. నా మాట నమ్మి ఒక ముసలాయన రెండు రాత్రులు తూము దగ్గర పడుకున్నాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చి ‘రావని చెప్తే ఇంటికెళ్లి పడుకునేవాణ్ణి కదండీ’ అన్నాడు. తిట్టలేదు, అంతే అన్నాడు. తర్వాత నుంచి ‘ఈ వారం రావు, ఆదివారం రాత్రి తెరుస్తాం’ అని చెప్పడం నేర్చుకున్నాను. అప్పుడు ముఖం మీదే తిట్టేవాళ్లు. కానీ ఆదివారం రాత్రి పార భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. మంచివాడు అనిపించుకోవాలన్న యావ వల్లే నేను ఎక్కువ అబద్ధాలాడాను అమ్మాయ్, చెడ్డతనం వల్ల కాదు. నీకూ ఆ యావ కొంచెం ఉందేమో చూసుకో.

ఇప్పుడు రిజిస్టర్ దగ్గరికి వస్తున్నాను. ఇది రాయడానికి నా చెయ్యి ఆడటం లేదు. నీ జీతం మీద ఇంట్లో ఎన్ని అవసరాలు వేలాడుతున్నాయో నాకు తెలియదు, ఇక్కడ కూర్చుని ధైర్యం చెప్పడం నాకు సులువు.

అయినా చెప్పాలి. పాడైన సరుకు పక్కకు తీసేశారు కాబట్టి తినేవాళ్లకు హాని జరగలేదు, అంతవరకు నయం. కానీ ఆ రోజు నువ్వు పెన్ను పట్టుకుని ఆ పేజీలో టైము వేస్తుంటే చుట్టూ టేబుళ్ల దగ్గర మనుషులున్నారు. వాళ్లలో కొందరికి చదువు రాకపోవచ్చు. నువ్వేం రాశావో మాత్రం అందరికీ తెలుసు. ఆ తర్వాత నువ్వు ఎంత నవ్వినా, ఎంత అరిచినా, ఎంత మనసు విప్పినా వాళ్లు ముందు ఆ పేజీనే చూస్తారు. నీ ఉత్తరంలో నీకు నిద్రపట్టకుండా చేస్తున్నది గొంతు కాదనీ, ఆ పేజీయేననీ నా అనుమానం. లేకపోతే అడగని నాకు ఆ సంగతి ఎందుకు రాస్తావు?

మేనేజర్‌గారిని అందరి ముందూ నిలదీయకు. పొద్దున్నే, పని మొదలుకాకముందు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లు. ఇలా చెప్పి చూడు: ‘సార్, ఆ రోజు ఐస్ గంటకు పైగా ఆలస్యమైంది. టైముకు వేసినట్టు రాసింది నేను. ఎప్పుడైనా ఆడిట్‌లో ఐస్ లారీ గేటులోకి వచ్చిన టైమూ, నా రిజిస్టర్ టైమూ పక్కపక్కన పెడితే మనిద్దరం ఇరుక్కుంటాం. నేను సరిచేసి, ఆలస్యం ఎందుకైందో, సరుకు తీసేశామని కూడా రాస్తాను.’ ఇందులో ఆయన్ని తప్పుపట్టే ముక్క లేదు. ఆయనకు కూడా బయటపడే దారి ఉంది. ఆయన పైన కూడా ఎవరో కూర్చుని టార్గెట్ అడుగుతుంటారు, అది మర్చిపోకు.

సరిచేసే పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. రాసిన అంకె మీద దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది కనిపించేలా వదిలి, పక్కన అసలు టైము రాసి, సరిచేసిన రోజు తేదీ వేసి సంతకం పెట్టాలి. పని కొలతలు రాసే మా ఎం-బుక్కుల్లోనూ ఇదే పద్ధతి. కొట్టేసిన గీత కనిపించే పుస్తకాన్ని నేను ఎప్పుడూ అనుమానించలేదు. ఒక్క కొట్టివేత కూడా లేని పుస్తకం చూస్తేనే మళ్లీ కొలిపించేవాణ్ణి.

ఆయన వద్దంటే? వద్దనే అవకాశం ఉంది. అప్పుడు ఆ పాత పేజీ కోసం ఉద్యోగం పణంగా పెట్టమని నేను అనలేను. మీ ప్లాంటులో క్వాలిటీ చూసే పెద్ద ఒకరుంటారు, వాళ్లకు చెప్పగలవో లేదో నువ్వే తేల్చుకో. కానీ రేపటి పేజీ నీది. ఇకముందు ఐస్ ఏడింటికి వస్తే ఏడు అనే రాయి. రాయొద్దంటే ‘సంతకం నాది సార్, టైము నాది కాదు’ అను. ఈ మాట అనడానికి అరుపూ అక్కర్లేదు, ఏడుపూ అక్కర్లేదు. మామూలు గొంతు చాలు. ఆ గొంతే నీది.

మా పెద్దాయన సంగతి మిగిలిపోయింది. వరద తీసిన రోజు లస్కర్లనూ, అప్పుడు అక్కడున్న కూలీలనూ పిలిచాను. ‘ఆ రాత్రి ఈయన్ని తిట్టడం నా తప్పు. అందువల్లే మూడు గంటలు ఆలస్యమైంది’ అన్నాను. తిట్టింది నలుగురిలో, ఒప్పుకోవడం చాటుగా అయితే లెక్క సరిపోదు కదా. అప్పట్నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. ఎవరైనా ఊట అని వచ్చి, అది ఊట కాకపోతే, ఆ రాత్రి టీ ఖర్చు నాది. ఒట్టి పుణ్యానికి పరుగెత్తించాడని ఎవరూ అనకూడదు. రిటైరయ్యేదాకా అలాంటి టీలు చాలా పోయించాను. రాత్రిపూట నా తలుపు కొట్టడానికి మాత్రం ఎవరూ వెనకాడలేదు.

నీ ఉత్తరంలో ఐస్ సంగతి ముందే చెప్పిన అమ్మాయి ఒకతె ఉంది. ఆమె గురించి ఆ ఒక్క వాక్యం తప్ప ఏమీ రాయలేదు. రేపు షిఫ్ట్ మొదలయ్యే ముందు, అందరూ క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచుకుని టేబుళ్ల దగ్గరికి వస్తారు చూడు, అప్పుడు ఆమె టేబుల్ దగ్గరికే వెళ్లు. తనని ముందుకు పిలవకు, భయపడుతుంది. ‘ఆ రోజు ఈ అమ్మాయి ఐస్ చాలదని చెప్పింది. నేను వినలేదు. మూడు క్రేట్లు పోయాయి. ఇకమీదట ఐస్ తగ్గినట్టు కనిపిస్తే పని ఆపి నన్ను పిలవండి. తీరా చూస్తే తగ్గకపోయినా పర్లేదు’ అని చెప్పు. వెంటనే ఎవరూ ఏమీ అనరు. వారం రోజులు ఎవరూ పిలవకపోవచ్చు కూడా. మొదట పిలిచినామె చెప్పింది తప్పే అయ్యుండొచ్చు. ఆ రోజు నువ్వు ఏం చేస్తావో చూడటానికే పిలిచి ఉండొచ్చు.

ఐస్ ఎందుకు ఆలస్యమవుతోందో కూడా కనుక్కో. రాత్రి చెరువుల్లో పట్టిన సరుకు తెల్లవారేసరికి ఒక్కసారే దిగితే, లారీ ఐస్ సరిపోకపోవడం మామూలే. ఎన్ని గంటలకు కొరత పడుతోందో ఆ అమ్మాయినే అడుగు, ఆమెకు నిమిషాలతో సహా తెలిసుంటుంది. ఆమె చెప్పింది కాగితం మీద రాసుకుని, ఆమె పేరుతోనే మేనేజర్‌గారి దగ్గరికి తీసుకెళ్లు.